బ్రాడ్‌గేట్ పార్కులో చిన్న రౌండ్ నడక: ఎటు నుంచి మొదలెట్టాలి?

డెర్బీ_సుబ్బు

లెస్టర్ పక్కన బ్రాడ్‌గేట్ పార్కుకి అక్టోబరు రెండో శనివారం వెళ్దామనుకుంటున్నాం. మొత్తం ఆరుగురం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్న ఉన్నారు, నాన్నకి మోకాళ్ల నొప్పి. పాపకి ఎనిమిదేళ్లు, బాబు ఇంకా బగ్గీలోనే (పిల్లల తోపుడుబండి). వెళ్లిన దారినే తిరిగి రాకుండా, ఒక చుట్టు తిరిగి కారు దగ్గరికే చేరే దారి కావాలి. ఇంటర్నెట్‌లో ఒకరు 3 మైళ్లంటారు, ఇంకొకరు 6 అంటారు. కారు ఎక్కడ పెట్టాలి, ఎక్కుడు ఎక్కడొస్తుంది, టాయిలెట్లు ఎక్కడ, జింకలతో ఏమైనా ఇబ్బందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కొండదారి

మైళ్ల లెక్కలు తేడాగా ఉండటానికి కారణం సుబ్బుగారూ, ఆ పార్కుకి మూడు పెద్ద గేట్లున్నాయి. నైరుతి మూల న్యూటౌన్ లిన్‌ఫర్డ్, ఉత్తరాన హంట్స్ హిల్, ఈశాన్యం వైపు హాల్‌గేట్స్. మూడింటి దగ్గరా డబ్బు కట్టే కార్ పార్కులున్నాయి. ఎవరు ఎక్కడ మొదలెడితే వాళ్ల లెక్క అది. పార్కు సుమారు 850 ఎకరాలు కాబట్టి లోపల ఎన్ని చుట్లయినా వేసుకోవచ్చు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి న్యూటౌన్ లిన్‌ఫర్డ్ మంచిది. ఎక్కువమంది నడిచే రౌండ్ ఇది:

గేటు దాటగానే తారు వేసిన రోడ్డు లిన్ అనే చిన్న ఏటి పక్కనే సాగుతుంది. నది అంటారు గానీ మన పంట కాలువంత కూడా ఉండదు. కాసేపటికి రెండు వైపులా రాళ్లు దగ్గరికొచ్చి చిన్న లోయలా అవుతుంది, దాన్ని లిటిల్ మాట్లాక్ అంటారు. అక్కడ ఏటికి అడ్డంగా చిన్న చిన్న రాతికట్టలు, వాటి మీంచి దూకే నీళ్లు. అది దాటాక లోయ విచ్చుకుంటుంది, ఎడమ చేతి వైపు ఎర్రటి ఇటుక శిథిలాలు కనిపిస్తాయి. అదే బ్రాడ్‌గేట్ హౌస్. గేటు నుంచి అక్కడికి ఒకటిన్నర కిలోమీటరు లోపే. ఇంకో రెండు మూడు వందల మీటర్లు వెళ్తే డీర్ బార్న్: టీ కొట్టు, టాయిలెట్లు, విజిటర్ సెంటర్ అన్నీ అక్కడే.

డీర్ బార్న్ దగ్గర తారు రోడ్డు వదిలేసి ఎడమకి, అంటే వాయవ్యంగా, గడ్డి దారి పట్టాలి. కొండ మీద ఓల్డ్ జాన్ అనే గుండ్రటి రాతి బురుజు చాలా మేర కంటికి ఆనుతూనే ఉంటుంది కాబట్టి దారి తప్పడం కష్టం. రాతిగోడ కట్టిన చెట్ల తోపుల పక్కగా ఒకటిన్నర కిలోమీటరు పైచిలుకు మెల్లగా ఎక్కుతుంది, చివర్లో మాత్రమే నిలువు. బురుజు ఉన్న చోటు ఎత్తు 212 మీటర్లు. అక్కడి నుంచి దక్షిణంగా పక్క గుట్ట మీద రాతి స్తంభం ఉంటుంది, అది యుద్ధ స్మారకం. దాని దగ్గర నుంచి న్యూటౌన్ లిన్‌ఫర్డ్ వైపు గడ్డి దారిలో దిగిపోతే కారు దగ్గరికి వచ్చేస్తారు.

మొత్తం ఐదు నుంచి ఆరు కిలోమీటర్లు, ఎక్కుడు సుమారు 115 మీటర్లు. చదును నేల మీద గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకి ఇంకో 10 నిమిషాలు అనే పాత లెక్కన గంటన్నర పట్టదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే గంటకి 3 కిలోమీటర్లే వేసుకోండి. ఆగడాలు, ఫొటోలు, టీ కలిపి మూడున్నర గంటలు చేతిలో ఉంచుకుంటే తొందర ఉండదు.

లెస్టర్_లక్ష్మి

కొండదారి గారు చెప్పింది అందరూ తిరిగే దిక్కే. కానీ మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లని ఆ దిక్కున పంపొద్దు. స్మారకం నుంచి కిందికి దిగే గడ్డి దారే ఆ మొత్తం రౌండ్‌లో మోకాళ్లకి చెడ్డది. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టపడుతుంది, దిగేటప్పుడు ఒంటి బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. పైగా అక్టోబరులో ఆ గడ్డి తడిగా ఉంటుంది. మడమ జారితే రాళ్ల మీద పడతారు.

తిరగేసి నడవండి. న్యూటౌన్ లిన్‌ఫర్డ్‌లో గేటు దాటాక ఏటి రోడ్డు పట్టుకోకుండా ఎడమకి, స్మారకం వైపు ఎక్కండి. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే నిలువు ఎక్కుడు అయిపోతుంది. ఓల్డ్ జాన్ చూసుకుని డీర్ బార్న్ వైపు వాలుగా దిగుతారు. చివరి కిలోమీటరున్నర పైన అంతా చదును రోడ్డు. ఇంకో లాభం, అక్కడ ఎక్కువగా నైరుతి గాలి వీస్తుంది. ఈ దిక్కున ఎక్కితే గాలి వీపుకి తగులుతుంది. అందరూ వెళ్లే దిక్కున అయితే దిగేటప్పుడు మొహానికి కొడుతుంది, వాన కలిస్తే కళ్లద్దాలున్నవాళ్లకి ఏమీ కనపడదు.

కొండదారి

ఒప్పుకుంటాను, ఒక్క మోకాళ్ల వరకు. పిల్లలున్నప్పుడు మాత్రం ఆ దిక్కు బెడిసికొడుతుంది. మొదటి ఇరవై నిమిషాలూ గడ్డి, రాళ్లు, ఎక్కుడే. ఎనిమిదేళ్ల పాప పది నిమిషాలకే "ఇంకెంత దూరం" అని మొదలెడుతుంది. ఏటి వైపు నుంచి వెళ్తే నీళ్లు, జింకలు, శిథిలాలు, తర్వాత ఏదో ఒకటి తినడం, ఆ ఊపులో కొండ ఎక్కేస్తారు.

హిమాయత్‌నగర్_హరి

బగ్గీ సంగతి మర్చిపోయారు ఇద్దరూ. గడ్డి దారుల్లో ఏ దిక్కునైనా బగ్గీ నడవదు. చిన్న చక్రాలది అయితే అసలు కుదరదు, పెద్ద గాలి టైర్లది అయినా బురుజు కింద రాళ్లలో ఎత్తుకోవాల్సిందే. బాబుని వీపుకి కట్టుకునే క్యారియర్ ఉంటే అది తీసుకెళ్లండి. లేదంటే బగ్గీ తారు రోడ్డు దాటకూడదు. తారు రోడ్డు న్యూటౌన్ లిన్‌ఫర్డ్ నుంచి డీర్ బార్న్ మీదుగా, క్రాప్‌స్టన్ రిజర్వాయర్ పక్కగా, హాల్‌గేట్స్ వరకు రెండున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. చక్రాల కుర్చీకి కూడా అదే దారి.

నా సలహా: రెండు జట్లుగా విడిపోండి. అమ్మానాన్న, బగ్గీ, ఒక పెద్దమనిషి కలిసి ఏటి రోడ్డు మీద డీర్ బార్న్ దాకా వెళ్లి అదే దారిన తిరిగి రావడం, రానూపోనూ మూడున్నర కిలోమీటర్లు, మధ్యలో కూర్చోడానికి బెంచీలున్నాయి. మిగతా ఒకరు పాపతో రౌండ్ కొట్టడం. డీర్ బార్న్ దాకా అందరూ కలిసే వెళ్తారు. అక్కడ విడిపోతే చాలు.

డెర్బీ_సుబ్బు

ఇది బాగుంది హరి గారూ. కానీ నాన్నకి ఆ బురుజు చూడాలని ఉంది. కింద నుంచి చూడమంటే ఊరుకోరు.

హిమాయత్‌నగర్_హరి

అయితే సాయంత్రం తిరిగెళ్లే ముందు కారులో హంట్స్ హిల్ గేటుకి వెళ్లండి, ఊరి నుంచి కొద్ది నిమిషాలే. అక్కడి నుంచి బురుజు దాదాపు అర కిలోమీటరు. ఎక్కుడు ఉంటుంది, కానీ దిగుడు ఎక్కువ దూరం ఉండదు. చేతికర్ర ఒకటి ఇవ్వండి. దిగేటప్పుడు అడ్డంగా, ఎస్ ఆకారంలో దిగమనండి, నిట్టనిలువుగా వద్దు.

వెలుగు మాత్రం చూసుకోండి. అక్టోబరు రెండో వారంలో సూర్యాస్తమయం సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో. నెలాఖరు ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక అది ఒక్కసారిగా నాలుగుముప్పావుకి పడిపోతుంది. చీకటి పడితే కార్ పార్కు గేట్లు మూసేస్తారు, ఏ వేళకి మూస్తారో లోపలికి వెళ్లేటప్పుడే బోర్డు మీద చూసుకోవాలి.

చెట్టూపుట్టా

అక్టోబరు రెండో వారం అన్నారు కదా, జింకల సంగతి ఎవరూ చెప్పలేదేంటి! అది వాటి జతకట్టే కాలం. సెప్టెంబరు చివర నుంచి నవంబరు మొదటి రోజుల దాకా ఉంటుంది, అక్టోబరు మధ్యలో ముదురుతుంది.

పార్కులో రెండు రకాలున్నాయి. పెద్దవి రెడ్ డీర్, మగవాటికి కొమ్మలు కొమ్మలుగా చీలిన కొమ్ములు. చిన్నవి ఫాలో డీర్, వీటి మగవాటి కొమ్ములు చివర అరచేయిలా పలకగా ఉంటాయి. ఒంటి మీద చుక్కలు చూసి చాలామంది మన చుక్కల దుప్పి అనుకుంటారు, కాదు, ఇది వేరే జాతి. పైగా ఫాలోలో నల్లవీ, దాదాపు తెల్లవీ కూడా ఉంటాయి, చలికాలానికి చుక్కలు మాసిపోతాయి. కొమ్ములు చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది.

ఈ రోజుల్లో రెడ్ మగది గొంతెత్తి బొబ్బరిస్తుంది, ఫాలోది గురక పెట్టినట్టు ఉంటుంది. ఆ చప్పుడు వినిపించిందంటే చుట్టుపక్కల ఆడవాటి మంద ఉన్నట్టే. గుర్తుంచుకోవాల్సింది ఒకటే, మగదానికీ మందకీ మధ్య దారి చెయ్యొద్దు. కనీసం 50 మీటర్లు ఎడంగా ఉండండి. అది తల దించి గడ్డిని కొమ్ములతో కుమ్ముతున్నా, పక్కకి తిరిగి ఒళ్లు చూపిస్తూ నడుస్తున్నా ఆ కోపం పక్క మగదాని మీద. మీరు అడ్డంగా ఉంటే మీ మీద కూడా. అలాంటప్పుడు పరిగెత్తకుండా, వీపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగాలి. దారి మీదే పడుకుని ఉంటే లేపొద్దు, చుట్టూ తిరిగి వెళ్లండి.

ఫొటోల పిచ్చి వల్లే ఎక్కువ ఇబ్బందులు. ఫోన్ కెమెరాలో పెద్దగా కనపడాలని దగ్గరికి వెళ్తారు. 200 మిల్లీమీటర్ల పైన లెన్స్ లేకపోతే జింక ఫొటో ఆశ వదిలేసి కళ్లతో చూడండి.

నెల్లూరి_నెరజాణ

మేతకి క్యారెట్లు పట్టుకెళ్లొచ్చా? పిల్లలు సరదా పడతారు.

చెట్టూపుట్టా

వద్దండీ, పెట్టకూడదు. ఒకసారి చేతి తిండి మరిగితే అవి మనుషుల సంచుల వెంటపడతాయి, ఆ తర్వాత పిల్లల్ని కొమ్ములతో తోస్తాయి. బ్రెడ్డు, చపాతీ అయితే వాటి కడుపుకి పడదు కూడా. పులిహోర పొట్లాలు మీరు తినండి, కవర్లు మాత్రం ఒక్కటీ వదలొద్దు. ప్లాస్టిక్ మింగితే నెమరేసే జంతువులకి కడుపులో ఉండ కట్టి చచ్చిపోతాయి. మంట పెట్టి వండటం, బార్బెక్యూ అసలు కూడదు, కొండ మీద గుబురుగా పెరిగే ఫెర్న్ అనే ఆకుమొక్క ఎండి అంటుకుంటే కొండంతా కాలుతుంది.

జూన్‌లో వెళ్లేవాళ్లకి ఇంకో మాట. అప్పుడు పిల్లల్ని ఫెర్న్ పొదల్లో దాచి తల్లులు మేతకి వెళ్తాయి. ఒంటరిగా కనిపించిన పిల్ల తప్పిపోయింది కాదు, ముట్టుకోవద్దు. కుక్క ఉంటే తాడు చేతిలోనే ఉండాలి. ఏటికి అవతల, బోర్డులు పెట్టిన జింకల నెలవులోకి ఏ కాలంలోనూ వెళ్లకూడదు.

లెస్టర్_లక్ష్మి

ఫెర్న్ అన్నారు కాబట్టి పిడుదుల గురించి. ఆ నడుం ఎత్తు ఫెర్న్‌లో, జింకలు తిరిగే గడ్డిలో పిడుదులుంటాయి. అక్టోబరులో కూడా ఉంటాయి. కొన్నిటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి, లేత రంగు బట్టలైతే పాకుతున్నది కనపడుతుంది. ఇంటికెళ్లాక మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనక, జుట్టు మొదట్లో చూడాలి.

పట్టుకుని ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి, మెలిపెట్టకుండా, తిన్నగా పైకి నెమ్మదిగా లాగాలి. కొబ్బరినూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం ఇవేవీ చెయ్యొద్దు. వాటివల్ల అది పొట్టలోది కక్కేస్తుంది, జబ్బు అంటుకునే అవకాశం పెరుగుతుంది. తీశాక సబ్బుతో కడగండి. తర్వాత ఒకటి నుంచి నాలుగు వారాల్లో, ఒక్కోసారి మూడు నెలల దాకా కూడా, ఆ చోట గుండ్రంగా పెరిగే మచ్చ వచ్చినా, జ్వరంలా అనిపించినా జీపీకి (మామూలుగా చూపించుకునే డాక్టరుకి) పిడుదు కుట్టిందని చెప్పాలి. నల్లటి ఒంటి మీద ఆ మచ్చ ఎర్రగా కాక ఊదాగానో, గోధుమ రంగులోనో ఉండొచ్చు, అందుకని రంగు కాదు, పెరుగుతోందా లేదా చూడండి.

పాతకోట

దారి గురించి అంతా చెప్పేశారు, అసలు ఆ ఇల్లు ఎవరిదో ఎవరూ చెప్పలేదు. నాన్నగారికి చెప్పడానికి పనికొస్తుంది, రాసుకోండి.

పార్కు మాట మొదట 1241 నాటి పత్రంలో దొరుకుతుంది. అప్పుడే అది వేటకి కట్టుదిట్టం చేసిన జింకల చోటు. ఇల్లు కట్టడం 1490ల్లో గ్రే వంశపు పెద్ద మొదలెట్టాడు, ఆయన కొడుకు హయాంలో, 1520 ప్రాంతంలో పూర్తయింది. కోట కాదు, కందకాలు, బురుజుల రక్షణ లేకుండా ఇటుకతో కట్టిన పెద్దింటి భవనం. ఇంగ్లండులో అలాంటివాటిలో తొలినాటిది. చుట్టూ ఇంత రాయి ఉండగా ఇటుక ఎందుకంటే, ఈ చార్న్‌వుడ్ ప్రాంతపు రాయి చాలా గట్టిది, చతురస్రంగా చెక్కడానికి లొంగదు. పగిలినదాన్ని పగిలినట్టు పేర్చి సున్నం లేని గోడలు కట్టడానికి బాగుంటుంది, పార్కు చుట్టూ ఉన్న గోడ అదే. ఆ గోడలెక్కొద్దు. పై వరస ఒక్క రాయి కదిలితే కింద వరసలకి పట్టు పోతుంది.

ఆ ఇంటి పిల్ల జేన్ గ్రే. ఇంగ్లండు రాజు ఆరో ఎడ్వర్డ్ చనిపోయాక 1553 జూలై 10న ఆమెని రాణిగా ప్రకటించారు, 19న దింపేశారు. 1554 ఫిబ్రవరి 12న లండన్ టవర్‌లో తల నరికారు. ఆమెకి పదిహేడేళ్లు అటూ ఇటూ. పదకొండు రోజుల తర్వాత తండ్రినీ నరికారు. 1550లో పండితుడు రోజర్ ఆషమ్ ఇక్కడికి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ పార్కులో వేటకి వెళ్లారు, ఈ పిల్ల ఒక్కతే ఇంట్లో కూర్చుని గ్రీకులో ప్లేటోని చదువుతోంది. ఆ విషయం ఆయనే రాసిపెట్టాడు. మీరు నడిచే ఆ ఏటి గట్టే వాళ్ల వేట పట్టు.

నెల్లూరి_నెరజాణ

జేన్ పుట్టింది కూడా ఆ ఇంట్లోనే కదా?

పాతకోట

చాలా బోర్డుల మీద అలాగే ఉంటుంది, కానీ దానికి ఆ కాలపు రుజువు లేదు. లండన్‌లో పుట్టి ఉండొచ్చని ఇప్పటి చరిత్రకారుల్లో కొందరి మాట. పెరిగింది మాత్రం ఇక్కడే.

శిథిలాలు అన్నివేళలా తెరిచి ఉండవు, చాలాసార్లు కంచె బయట నుంచే చూడాలి. బయట నుంచి చూసినా గోడల్లో ఎర్ర ఇటుకల మధ్య ముదురు నీలి ఇటుకలతో వజ్రాల గళ్ల నమూనా కనిపిస్తుంది, వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు ఇంకా బాగా. కప్పుతో నిలిచి ఉన్నది చాపెల్ (ఇంటి ప్రార్థన మందిరం) ఒక్కటే. లోపల 1614లో పోయిన హెన్రీ గ్రే, ఆయన భార్య సమాధి, పాలరాయి లాంటి అలబాస్టర్ బొమ్మలతో. జేన్ తండ్రి నరికివేతతో పోయిన లార్డ్ హోదా ఈయన హయాంలో, 1603లో, మళ్లీ ఇంటికొచ్చింది. నెమళ్లు కూడా తిరుగుతుంటాయి అక్కడ, అమ్మగారికి ఊరు గుర్తొస్తుంది.

చెట్టూపుట్టా

ఓక్ చెట్ల గురించి కూడా ఒక కథ చెప్తారు. జేన్ తల నరికిన దుఃఖంలో చెట్ల తలలు నరికించారని. కథగా బాగుంది కానీ ఆ పని వెనక ఉన్నది కట్టెల లెక్క. మొదలుకంటా నరికితే కొత్త చిగుళ్లని జింకలు మేసేస్తాయి. అందుకని జింక మూతికి అందని ఎత్తులో, రెండు మూడు మీటర్ల పైన, నరికేవాళ్లు. అక్కడి నుంచి కొమ్మలు గుబురుగా వచ్చేవి, కొన్నేళ్లకొకసారి కోసుకునేవాళ్లు. అలా కోసిన చెట్టు పొట్టిగా, లావుగా, లోపల డొల్లగా చాలాకాలం బతుకుతుంది. ఆ డొల్లల్లో పిల్లల్ని దూర్చి ఫొటోలు తియ్యొద్దు. వేళ్ల చుట్టూ నేల అణిగి గట్టిపడితే చెట్టు ఎండిపోతుంది. ఎండుకొమ్మలు కూడా చెప్పకుండా ఊడతాయి.

హిమాయత్‌నగర్_హరి

ఓల్డ్ జాన్ బురుజుకి కూడా అలాంటి కథే. జాన్ అనే ముసలి పనివాడు వారసుడి పుట్టినరోజు భోగిమంటలో స్తంభం మీద పడి చనిపోయాడనీ, అతని గుర్తుగా కట్టారనీ. అది బీరు మగ్గులా ఉండటం కూడా జాన్ బీరు ఇష్టానికే అంటారు.

పాతకోట

బురుజు మీద 1784 అని ఉంది. కథలోని పుట్టినరోజు వేడుక 1786లో. చనిపోకముందే గుర్తు కట్టరు కదా. పైగా ఆ గుట్టకి అంతకుముందు నుంచే ఓల్డ్ జాన్ అని పేరుంది. కట్టించింది ఐదో స్టాంఫర్డ్ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక ప్రభువు బిరుదు), దూరం నుంచి అందంగా కనపడాలని కట్టించిన ఉత్తుత్తి బురుజు. మగ్గు పిడిలా ఉన్నది పక్కన నిలిచిన గోడలో కమాను.

రాళ్లపిచ్చి

బురుజు చుట్టూ తిరిగి ఫొటో తీసుకుని దిగిపోతారు అందరూ, కాళ్ల కింద రాయిని చూడరు. ఓల్డ్ జాన్, స్మారకం చుట్టూ ఉన్న రాళ్లు సుమారు 56 కోట్ల ఏళ్ల నాటివి. అగ్నిపర్వతాల బూడిద సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి. బురుజు దగ్గర రాతి పక్కకి వంగి చూడండి, సన్నటి చారలు, కొన్ని పొట్టు అంత, కొన్ని వేలు మందం. ఒక్కో చార ఒక్కో బూడిద పొర. అన్నీ ఒక వైపుకి వాలి ఉంటాయి, భూమి ఒత్తిడికి పొరలు వంగాయి కాబట్టి. కింద లిటిల్ మాట్లాక్‌లో రాయి వేరు. అది డయోరైట్, కరిగిన రాయి లోపలే గడ్డకట్టినది, అందుకే అక్కడ చారలుండవు, మచ్చలు మచ్చలుగా ఉంటుంది.

ఇదే చార్న్‌వుడ్ రాళ్లలో, పార్కు బయట ఒక క్వారీలో, 1957లో రోజర్ మేసన్ అనే బడిపిల్లవాడికి ఆకు ముద్ర లాంటిది దొరికింది. అంతకు ముందు ఏడాదే టీనా నీగస్ అనే అమ్మాయి దాన్ని చూసింది. అంత పాత రాయిలో జీవం ఉండదని టీచరు కొట్టిపారేశారు. 1958లో చార్నియా మేసోనీ అని పేరు పెట్టారు. అంత పాత రాయిలో పెద్ద జీవి ఆనవాలు ఉందని ప్రపంచం ఒప్పుకున్నది దీనితోనే. అసలు రాయి లెస్టర్‌లో న్యూ వాక్ మీదున్న మ్యూజియంలో ఉంది. వాన పడితే నడక మానేసి అక్కడికే వెళ్లొచ్చు.

పార్కులో కూడా అలాంటి ముద్రలున్నాయి, బ్రాడ్‌గేషియా అనే జీవికి పేరు ఈ పార్కుదే. కానీ వెతుకుతూ రాళ్లెక్కి గీకొద్దు. ముద్ర లోతు మిల్లీమీటరు కూడా ఉండదు, పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడితేనే నీడ కట్టి కనిపిస్తుంది. రబ్బరు అచ్చులు తీయబోయి పాడుచేసినవీ ఉన్నాయి. సుత్తి అయితే సంచిలో కూడా ఉండకూడదు.

కొండదారి

అరిగిపోవడం అంటే గుర్తొచ్చింది, అడ్డదారులు తొక్కొద్దు. లిటిల్ మాట్లాక్ పైన కాలిబాట అరిగి మట్టి కొట్టుకుపోయిన చోటే చెకుముకి రాయి పనిముట్లు బయటపడ్డాయి. లెస్టర్ యూనివర్సిటీవాళ్లు 2015లో తవ్వారు. మంచుయుగం చివరి వేటగాళ్లవి, సుమారు 14 వేల ఏళ్ల పైబడినవి. నడిచేవాళ్ల బూట్లే వాటిని బయటపెట్టాయి, అవే ఇంకొన్నాళ్లు నడిస్తే తుడిచేసేవి కూడా.

డెర్బీ_సుబ్బు

అద్భుతం, ఇంత వస్తుందనుకోలేదు. ఇక బట్టలు, బూట్ల సంగతి చెప్పండి. అమ్మ చీరలోనే వస్తుంది.

లెస్టర్_లక్ష్మి

చీరకి ఇబ్బంది లేదు, తారు రోడ్డు వరకే కదా. రెండంగుళాలు పైకి కట్టుకోమనండి, లోపల థర్మల్ లెగ్గింగ్ వెయ్యండి. చెప్పులు మాత్రం వద్దు, పట్టున్న బూట్లు ఉండాలి. ఎండుటాకులు తడిస్తే తారు మీద కూడా జారతాయి. నాన్నగారికి మంకీ క్యాప్ తప్పకుండా. కింద ఏటి దగ్గర 13, 14 డిగ్రీలు హాయిగా ఉన్నా బురుజు దగ్గర చెట్టూ చేమా లేని బోడిగుట్ట, గాలికి చెవులు మొద్దుబారిపోతాయి. గొడుగు పనికిరాదు, పైకెళ్లగానే తిరగబడుతుంది. టోపీ ఉన్న వాన కోటు తీసుకోండి. పాపకి ఒక జత సాక్సులు అదనంగా. ఏట్లో దిగకుండా వచ్చే పిల్లలు ఉండరు.

ఎక్కేవాళ్లకి ట్రైనర్లు (స్పోర్ట్స్ షూస్) చాలవు అనను, కానీ అడుగు అరిగినవి వద్దు. ఆ బూడిదరాయి తడిస్తే సబ్బు రాసినట్టే. నాచున్న రాయి మీద కాలు పెట్టకుండా పక్క గడ్డి మీద పెట్టాలి.

హిమాయత్‌నగర్_హరి

శనివారం కాబట్టి ఒక మాట. ఎండ కాస్తే పదకొండుకల్లా న్యూటౌన్ లిన్‌ఫర్డ్ కార్ పార్కు నిండిపోతుంది, ఊరి వీధుల్లో పెడితే అక్కడివాళ్లకి ఇబ్బంది. తొమ్మిదిన్నరకి చేరండి. డెర్బీ నుంచి అయితే ఎం1 మోటార్‌వే జంక్షన్ 22లో దిగి మార్క్‌ఫీల్డ్ మీదుగా రావాలి, లెస్టర్ ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. నిండిపోతే హాల్‌గేట్స్‌కి వెళ్లండి. అక్కడి నుంచి డీర్ బార్న్‌కి తారు రోడ్డే, కిలోమీటరు లోపు, బగ్గీకి సమస్య లేదు. అక్కడ మొదలెడితే రౌండ్‌ని డీర్ బార్న్, ఓల్డ్ జాన్, స్మారకం, లిటిల్ మాట్లాక్, శిథిలాలు, మళ్లీ డీర్ బార్న్ అని మార్చుకోవాలి. దూరం ఇంకో రెండు కిలోమీటర్లు పెరుగుతుంది.

డెర్బీ_సుబ్బు

సరే, ఇలా ఖాయం చేసుకున్నాం. తొమ్మిదిన్నరకి న్యూటౌన్ లిన్‌ఫర్డ్. అందరం ఏటి దారిన శిథిలాలు, డీర్ బార్న్. అక్కడ టీ. నేనూ పాపా ఓల్డ్ జాన్, స్మారకం మీదుగా దిగుతాం, మిగతావాళ్లు బగ్గీతో వెనక్కి. తర్వాత నాన్నని హంట్స్ హిల్‌కి తీసుకెళ్తాను. అంటే నేను బురుజుకి రెండుసార్లు ఎక్కాలి!

లెస్టర్_లక్ష్మి

రెండుసార్లు ఎందుకు? మీరూ పాపా డీర్ బార్న్ నుంచి స్మారకం వైపు మాత్రమే వెళ్లి దిగిపోండి, బురుజు సాయంత్రానికి దాచండి. దూరం కూడా తగ్గుతుంది. నాన్నతో కలిసి ఎక్కితే పాపకీ తాతకీ ఇద్దరికీ బాగుంటుంది.

చెట్టూపుట్టా

ఆ సాయంత్రం వేళే మగ జింకలు ఎక్కువ చెలరేగుతాయి. హంట్స్ హిల్ వైపు పొదల పక్కన నడిచేటప్పుడు పాప చెయ్యి వదలొద్దు.